లాప్‌టాప్ కొనేముందు తెల్ల కాగితం తీయండి: ఫోన్, కంప్యూటర్ ఓఎస్‌లకు పొత్తు కుదురుతుందో లేదో చూసుకోవడం ఎలా

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ అయిపోయే రోజుల్లో మా షాపుకి రోజూ ఒకే ప్రశ్న వస్తుంది. హన్మకొండలో కేయూ క్రాస్‌రోడ్డుకు దగ్గర్లో మాది చిన్న జిరాక్స్, నెట్ సెంటర్. వెనక గదిలో లాప్‌టాప్‌లు బాగు చేస్తుంటాను. ఒకరోజు పరకాల వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"తమ్మీ, బిడ్డకు కంప్యూటర్ సైన్స్‌ల సీటొచ్చింది. లాప్‌టాప్ కొనియ్యాలె. మా బామ్మర్దేమో యాపిల్ కొను అంటడు. దుకాణపాయన క్రోమ్‌బుక్ సస్త అంటడు. ఏది మంచిదో నువ్వు జెప్పు."

క్రోమ్‌బుక్ అంటే ఎక్కువగా బ్రౌజర్ మీదే నడిచే గూగుల్ రకం లాప్‌టాప్. ఏది మంచిది అంటే నా దగ్గర జవాబు లేదు. ట్రాక్టర్ మంచిదా, బైక్ మంచిదా అని అడిగినట్టే ఉంటుంది. జిరాక్స్ మిషన్ లోంచి ఒక తెల్ల కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. ఆ కాగితంతో ఏం చేశామో అదే మీకూ చెబుతాను. లాప్‌టాప్ కొంటున్నా, ఫోన్ మారుస్తున్నా, పాత సిస్టమ్‌లో కొత్త విండోస్ వేయిద్దామనుకుంటున్నా పద్ధతి ఇదే.

మొదట పనులు రాయండి, పేర్లు కాదు

విండోస్, మ్యాక్, ఆండ్రాయిడ్ లాంటి ఓఎస్‌ల (ఆపరేటింగ్ సిస్టమ్, అంటే మిషన్‌నీ యాప్‌లనూ నడిపే మూల ప్రోగ్రాం) పేర్లే కాసేపు మర్చిపోండి. ఇంట్లో అందరూ కలిసి నెల రోజుల్లో తెర మీద చేసే పనులు ఒక్కో వరుసలో ఒక్కటి రాయండి. "చదువు", "ఆఫీసు పని" అని రాస్తే లాభం లేదు. ఏ యాప్‌లో, ఏ రకం ఫైలుతో, ఏ మిషన్ తగిలించి చేస్తారో రాయాలి. ఆ మూడింట్లో ఏదో ఒక చోటే పని ఆగేది.

ఆ పెద్దాయన చెబుతుంటే నేను రాసినవి ఇవి. బిడ్డ సీ, పైథాన్ ప్రోగ్రాంలు రాయాలి, రిపోర్టులు వర్డ్‌లో ఇవ్వాలి. కొడుకు పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాడు, ఫొటోషాప్ కావాలి. భార్య మహిళా సంఘం లీడరు, లెక్కలు ఎక్సెల్‌లో ఉన్నాయి. ఆయన ఆండ్రాయిడ్ ఫోన్లో భూమి కాగితాల పీడీఎఫ్‌లు, మనవడి వీడియోలు నిండిపోయాయి. బామ్మర్ది ఐఫోన్ నుంచి ఫొటోలు వస్తుంటాయి. సంఘం పేరుతో తెలుగులో దరఖాస్తులు టైప్ చేసి ప్రింట్ తీయాలి.

ఆరు వరుసలు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. చాలామంది ఈ ఐదు నిమిషాలు దాటేసి, యాభై వేలు పెట్టాక నా దగ్గరికి వస్తారు.

ఇప్పుడు మీ దగ్గర ఉన్నదేంటో చూడండి

ఆండ్రాయిడ్ ఫోన్లో సెట్టింగ్స్ తెరిచి కిందికి పోతే అబౌట్ ఫోన్ ఉంటుంది. అందులో ఆండ్రాయిడ్ వెర్షన్, సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ రెండూ రాసుకోండి. వెర్షన్ కన్నా ఆ తేదీ ముఖ్యం. అది రెండేళ్ల కిందటిదైతే కంపెనీ మీ ఫోన్‌ను వదిలేసిందని అర్థం. బ్యాంకు యాప్‌లు ముందు మొరాయించేది అలాంటి ఫోన్లలోనే. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్, జనరల్, అబౌట్. మ్యాక్‌లో ఎడమవైపు పైన యాపిల్ గుర్తు నొక్కితే అబౌట్ దిస్ మ్యాక్ వస్తుంది.

విండోస్‌లో విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో విన్‌వర్ (winver) అని ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ చేస్తే వెర్షన్ కనిపిస్తుంది. అక్కడ విండోస్ 10 అని ఉంటే కాసేపు ఆగండి. మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్టును 2025 అక్టోబరు 14న ఆపేసింది. నమోదు చేసుకున్న ఇళ్ల సిస్టమ్‌లకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు చేసింది. సిస్టమ్ నడవడం మానేయదు, మామూలుగానే ఆన్ అవుతుంది. కానీ ఆ నమోదు లేకపోతే కొత్తగా బయటపడే లోపాలకు మందు రాదు. దాంట్లో బ్యాంకు పనులు చేయడం నాకైతే ఇష్టం లేదు.

మరి విండోస్ 11 వేయిద్దామా అంటే అది అన్ని సిస్టమ్‌లనూ ఒప్పుకోదు. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, సెక్యూర్ బూట్ కావాలి. ప్రాసెసర్ ఇంటెల్‌ది అయితే దాదాపుగా 8వ తరం నుంచి పైది ఉండాలి. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లు కొనేవాళ్లు మోసపోయేది సరిగ్గా ఇక్కడే. అమ్మేవాడు "ఐ5 సార్, ఎస్‌ఎస్‌డీ వేసినం సార్" అంటాడు. ఐ5 అన్న మాట ఒక్కటే చాలదు, దాని వెనక అంకె చూడండి. 7200యూ అని ఉంటే 7వ తరం, 8250యూ అని ఉంటే 8వ తరం. పైనుంచి చూస్తే రెండు లాప్‌టాప్‌లూ అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకదానికి విండోస్ 11 అధికారికంగా వస్తుంది, ఇంకోదానికి రాదు. దొడ్డిదారిన వేసిచ్చేవాళ్లు ఉన్నారు. అలా వేసిన సిస్టమ్‌కి అప్‌డేట్లు అందుతాయన్న భరోసా కంపెనీ ఇవ్వదు.

ఫోన్లో నడిచేది కంప్యూటర్లో ఎందుకు నడవదు

ఇది కొంచెం ఓపిగ్గా చదవండి. ఇది అర్థమైతే సగం ప్రశ్నలకు మీరే జవాబు చెప్పుకోవచ్చు.

ప్రోగ్రాం అంటే ప్రాసెసర్‌కి ఇచ్చే ఆజ్ఞల మూట. ఫోన్లలో ఉండేది ఆర్మ్ రకం ప్రాసెసర్. మామూలు విండోస్ లాప్‌టాప్‌లలో ఉండే ఇంటెల్, ఏఎండీ చిప్‌లది ఎక్స్86 రకం. రెండింటి భాష వేరు. పైగా ఫైలు తెరవాలన్నా, తెర మీద బొమ్మ గీయాలన్నా ప్రోగ్రాం ఓఎస్‌నే అడగాలి. ఆ అడిగే పద్ధతి ఒక్కో ఓఎస్‌లో ఒక్కోలా ఉంటుంది. అందుకే ఆండ్రాయిడ్ యాప్ ఫైలైన ఏపీకేను విండోస్ గుర్తుపట్టదు, విండోస్ ప్రోగ్రాం ఫైలైన ఈఎక్స్ఈని ఫోన్ గుర్తుపట్టదు. ప్రాసెసర్ ఒకటే అయినా సరిపోదు. ఐఫోన్, ఆండ్రాయిడ్ రెండూ ఆర్మే. ఒకదాని యాప్ ఇంకోదాంట్లో ఎక్కదు. ఆండ్రాయిడ్ లోపల ఉన్నది లైనక్స్ అనే ఉచిత ఓఎస్ గుండె భాగమే (కెర్నల్ అంటారు), అయినా ఉబుంటు అనే లైనక్స్‌లో నడిచే ప్రోగ్రాం నేరుగా ఫోన్లో నడవదు.

మధ్యలో దుబాసీలు ఉన్నాయి. విండోస్‌లో ఆండ్రాయిడ్ యాప్‌లు నడపడానికి బ్లూస్టాక్స్ లాంటి ఎమ్యులేటర్లు దొరుకుతాయి. ఆటలకు పర్వాలేదు. బ్యాంకు యాప్‌లు మాత్రం చాలావరకు వాటిలో తెరుచుకోవు. విండోస్ 11లో ఆండ్రాయిడ్ యాప్‌లు నడిపే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ తనే పెట్టి, 2025 మార్చిలో తనే తీసేసింది. "విండోస్ 11ల ఫోన్ యాప్‌లు వస్తయట కదా" అని ఇప్పటికీ అడుగుతుంటారు. పాత వీడియోలు చూసి వస్తారు.

ఎం1 నుంచి మొదలైన మ్యాక్‌లలో, అంటే 2020 చివర్లో వచ్చినవాటి నుంచి, ఉన్నది యాపిల్ సొంత ఆర్మ్ చిప్. యాప్ తయారుచేసినవాళ్లు ఒప్పుకుంటే కొన్ని ఐఫోన్ యాప్‌లు వాటిలో నడుస్తాయి. విండోస్‌లోనూ ఇప్పుడు స్నాప్‌డ్రాగన్ చిప్‌తో లాప్‌టాప్‌లు వస్తున్నాయి. బ్యాటరీ బాగా నిలుస్తుంది. మామూలు విండోస్ ప్రోగ్రాంలను అనువాదం చేసుకుని నడిపిస్తాయి కూడా. డ్రైవర్ల దగ్గరే తిప్పలు (డ్రైవర్ అంటే తగిలించిన మిషన్‌ను ఓఎస్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రాం). పాత ప్రింటర్‌కో, వేలిముద్ర మిషన్‌కో ఆర్మ్ డ్రైవర్ లేకపోతే ఆ మిషన్ పనిచేయదు, దానికి దుబాసీ లేదు. మీసేవ లాంటి పనులు పెట్టుకునేవాళ్లు ఆ లాప్‌టాప్ జోలికి పోకపోవడమే మంచిది.

వరుసకు ఒక ప్రశ్న వేయండి

కాగితం మీద ఒక్కో పని పక్కన ఇలా అడగండి: ఇది బ్రౌజర్‌లో అయిపోతుందా? అయిపోతే టిక్ పెట్టి ముందుకు పోండి. భూభారతిలో వివరాలు చూసుకోవడం, యూనివర్సిటీ ఫీజు కట్టడం, మెయిల్ పంపడం ఏ ఓఎస్‌లో అయినా ఒకటే. బ్రౌజర్ ఊరుమ్మడి చావడి లాంటిది, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఫోన్లో సైటు సరిగ్గా రాకపోతే క్రోమ్‌లో డెస్క్‌టాప్ సైట్ అని టిక్ పెడతాం కదా, దానివల్ల పేజీ ఆకారమే మారుతుంది. ఫోన్ కంప్యూటర్ అయిపోదు. డిజిటల్ సంతకం అడిగే సైటు అక్కడ ఎలాగూ ఆగుతుంది.

బ్రౌజర్‌లో కానివాటికి, ఆ యాప్ ఏ ఓఎస్‌కి ఉందో దాని సొంత సైటులో చూడండి, షాపతని మాట మీద కాదు. ట్యాలీ విండోస్ కోసమే. మ్యాక్‌లో కావాలంటే లోపల ఇంకో విండోస్ పెట్టుకుని తిప్పలు పడాలి. ఎనుమాముల మార్కెట్లో అడ్తి లెక్కలు రాసే గుమాస్తాకి ఎవరైనా మ్యాక్ కొనిపెడితే అది అలంకారమే అవుతుంది. ఫొటోషాప్ విండోస్‌కి, మ్యాక్‌కి ఉంది, లైనక్స్‌కి లేదు. ఐఫోన్ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్ మ్యాక్‌లోనే ఉంటుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింట్లోనూ నడుస్తుంది, కానీ ర్యామ్ తెగ తాగుతుంది. 16 జీబీ ఉంటే సుఖం.

పేరు ఒకటే అయినంత మాత్రాన పని ఒకటే కాదన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. ఎక్సెల్ ఫోన్లోనూ ఉంది, కంప్యూటర్లోనూ ఉంది. సంఘం లెక్కల ఫైలును ఆయన ఫోన్లో తెరిచి చూపించాడు. అంకెలు కనిపిస్తున్నాయి, బటన్ నొక్కితే మొత్తం రావడం లేదు. ఆ ఫైలు చేసినవాళ్లు అందులో మాక్రో, అంటే బటన్ నొక్కితే లెక్క తనే చేసే చిన్న ప్రోగ్రాం, పెట్టారు. ఫోన్ ఎక్సెల్ మాక్రోలు నడపదు. ఫోన్లో తప్పేం లేదు, ఫైలులోనూ తప్పేం లేదు. ఆ పనికి కంప్యూటర్ కావాలి, అంతే.

పాత సామాను కూడా ఒకసారి చూసుకోండి. సీ ప్రోగ్రాంలు రాసే టర్బో సీ డాస్ (విండోస్‌కి ముందటి ఓఎస్) కాలం నాటిది, 16 బిట్ ప్రోగ్రాం. 64 బిట్ విండోస్ అలాంటివాటిని నేరుగా నడపదు. విండోస్ 11 ఉన్నదే 64 బిట్‌లో. "లాప్‌టాప్ కొత్తది, సీ మాత్రం ఓపెన్ అయితలేదు" అని పిల్లలు వస్తే డాస్‌బాక్స్ అనే దుబాసీని వేసిచ్చి పంపుతాను. సీ రాయడానికి ఇప్పటి కోడ్ బ్లాక్స్ నేర్చుకో బిడ్డా అని కూడా చెబుతాను, ఎంతమంది వింటారో తెలియదు.

క్రోమ్‌బుక్ ఇక్కడే పోటీ నుంచి తప్పుకుంది. అందులో ఈఎక్స్ఈలు నడవవు. కొడుకు ఫొటోషాప్ అక్కడ ఇన్‌స్టాల్ కాదు. బ్రౌజర్‌లో తెరుచుకునే ఫొటోషాప్ ఉంది గానీ పెళ్లి ఆల్బమ్ పనికి అది ఆనదు. అది చెడ్డ వస్తువేం కాదు. బ్రౌజర్‌తో గడిచిపోయే ఇంటికి చక్కగా సరిపోతుంది. ఈయన కాగితానికి సరిపోలేదు.

పెన్‌డ్రైవ్, ఫొటోలు: ఫైళ్లు దాటే దారులు

పెళ్లి వీడియో 6 జీబీ, పెన్‌డ్రైవ్ 32 జీబీ. కాపీ కొడితే స్థలం చాలదంటుంది, లేదా ఫైలు మరీ పెద్దదంటుంది. ఇది నెలకోసారైనా చూస్తాను. పెన్‌డ్రైవ్ పాడైందనుకుని పారేసినవాళ్లు కూడా ఉన్నారు. అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఇంకెంత ఖాళీ ఉన్నా ఒప్పుకోదు.

ఇలా చేయండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ ముందు కంప్యూటర్లోకి కాపీ చేసుకోండి, ఫార్మాట్ కొడితే మొత్తం పోతుంది. తర్వాత దాని మీద రైట్ క్లిక్ చేసి ఫార్మాట్, ఫైల్ సిస్టమ్ దగ్గర ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకోండి. విండోస్, మ్యాక్ రెండూ దాన్ని చదువుతాయి, రాస్తాయి. ఇప్పటి ఫోన్లు చాలావరకు చదువుతాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్ పెడితే మ్యాక్ చదువుతుంది గానీ మామూలుగా అందులోకి రాయనివ్వదు. ఊళ్లో పాత టీవీకి తగిలించి పెళ్లి వీడియో చూద్దామనుకుంటే ఎక్స్‌ఫ్యాట్ పనిచేయకపోవచ్చు. అప్పుడు ఫ్యాట్32 ఉంచి, వీడియోను 4 జీబీ లోపు ముక్కలుగా చేసివ్వమని ఫొటోగ్రాఫర్నే అడగండి.

ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో విండోస్‌కి కలిపితే మొదట చార్జింగే అవుతుంది. ఫోన్ పైనుంచి నోటిఫికేషన్ లాగి ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకుంటేనే ఫోల్డర్లు కనిపిస్తాయి. అలా ఎంచుకున్నా కనిపించకపోతే కేబుల్ మార్చి చూడండి, చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు ఉన్నాయి. మ్యాక్‌కి కలిపితే అలా కూడా కనిపించదు, విడిగా యాప్ వేసుకోవాలి. కేబుల్ గోల వద్దనుకుంటే గూగుల్ క్విక్ షేర్ విండోస్‌కీ ఉంది. ఐఫోన్ మాత్రం బ్లూటూత్‌లో ఆండ్రాయిడ్‌కి ఫైలు పంపదు. దీని గురించి మా షాపులో బావాబామ్మర్దులు కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

బామ్మర్ది ఐఫోన్ ఫొటోల విషయానికొద్దాం. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్ ఫొటోలను హెచ్‌ఈఐసీ అనే రకంలో దాస్తోంది. తక్కువ జాగా పడుతుంది. కానీ కొన్ని విండోస్ సిస్టమ్‌లలో తెరుచుకోదు, దరఖాస్తు సైట్లేమో జేపీజీ కావాలంటాయి. ఫీజు కట్టి, ఫారం అంతా నింపి, ఆఖరి రోజు రాత్రి ఫొటో దగ్గర ఆగిపోయి టెన్షన్‌తో పరుగెత్తుకొచ్చిన పిల్లలు ఎందరో. ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి పోయి మోస్ట్ కంపాటిబుల్ పెట్టండి. అప్పటినుంచి తీసేవి జేపీజీలో వస్తాయి. పాతవాటిని మార్చుకోవాలి.

వాట్సాప్‌లో ఫొటో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది. ఆల్బమ్‌కి వెళ్లే ఫొటో అయితే డాక్యుమెంట్‌గా పంపండి. వాట్సాప్‌ను కంప్యూటర్లో తెరవడం అందరికీ తెలిసిందే, ఫోన్ కాక ఇంకో నాలుగింటికి లింక్ చేసుకోవచ్చు. ఒక మనవి: నెట్ సెంటర్లో తెరిస్తే పోయేముందు లాగ్ఔట్ చేయండి. మా సిస్టమ్‌లో సాయంత్రం దాకా ఎవరెవరివో గుడ్ మార్నింగ్‌లు మోగుతుంటాయి.

తెలుగు దగ్గర వచ్చే చిక్కు

ఓఎస్‌లను పోల్చే వీడియోల్లో ఇది ఎవరూ చెప్పరు. మన దగ్గర ఎక్కువ పని ఆగేది మాత్రం ఇక్కడే.

పెద్దాయన తన ఫోన్లో ఒక ఫైలు చూపించాడు. సంఘం తరఫున ఎప్పుడో డీటీపీ సెంటర్లో టైప్ చేయించిన తెలుగు దరఖాస్తు. ఫోన్లో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లిష్ అక్షరాల మధ్య కొమ్ములు, చుక్కలు, డాలరు గుర్తులు. "గిదేంది తమ్మీ, వైరసా?" అన్నాడు.

వైరస్ కాదు. ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా వాడుతున్న అను లాంటి ఫాంట్లు యూనికోడ్ కావు. వాటిలో ఫైలు లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కోడే. ఫాంటు ఆ కోడ్‌కి తెలుగు బొమ్మ తొడుగుతుంది. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తొడుగు ఊడిపోయి లోపలిది బయటపడుతుంది. యూనికోడ్‌లో అయితే "అ"కి ప్రపంచమంతా ఒకటే అంకె. ఏ ఓఎస్ అయినా తన దగ్గరున్న తెలుగు ఫాంటుతో చూపిస్తుంది. విండోస్ ఎక్స్‌పీ కాలంలోనే గౌతమి ఫాంటు వచ్చింది, ఇప్పుడు నిర్మల ఉంది. మన బమ్మెర పోతన పేరుతోనూ పోతన 2000 అని ఉచిత ఫాంటు ఉంది.

కాబట్టి పాత ఫైళ్లు ఉంటే ఇలా చేయండి. చూపించడానికే అయితే టైప్ చేసిన సిస్టమ్‌లోనే పీడీఎఫ్ చేయించండి. ఫాంటు పీడీఎఫ్ లోపలే కూర్చుంటుంది కాబట్టి ఫోన్లోనూ తెలుగు సరిగ్గా కనిపిస్తుంది. ఆ పీడీఎఫ్‌లో వెతకడం, అక్షరాలు కాపీ చేయడం మాత్రం కుదరదు, మళ్లీ ఆ గుర్తులే వస్తాయి. మార్పులు చేసుకోవాలంటే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు వాడాలి. మార్చాక ఒత్తులు, సున్నలు ఒక్కొక్క వరుస చూసుకోండి. "క్ష", "జ్ఞ" దగ్గర తేడాలు వస్తుంటాయి. పేర్లు, సర్వే నంబర్లు ఉన్న కాగితమైతే ఇద్దరు చదవాలి.

జ్ఞ అంటే గుర్తొచ్చింది. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అక్షరం ఐఫోన్లను పడగొట్టింది. ఆ అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో మెసేజ్‌గా వస్తే, చూపించలేక యాప్ మూతపడేది. ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో యాపిల్ సరిచేసింది. తెలుగు రాయడం ఓఎస్‌కి ఎంత పనో అప్పుడు తెలిసింది.

కొత్తగా టైప్ చేసేవి మొదటినుంచీ యూనికోడ్‌లోనే చేయండి. ఫోన్లో జీబోర్డ్ చాలు. విండోస్‌లో భాషల సెట్టింగ్స్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కలుపుకుంటే, ఇంగ్లిష్‌లో అమ్మ అని కొడితే తెలుగులో వస్తుంది. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఫోన్లో మొదలుపెట్టిన దరఖాస్తును కంప్యూటర్లో పూర్తి చేయొచ్చు. ఆ పెద్దాయన భార్య దరఖాస్తు ముసాయిదా నోటితో చెప్పి ఫోన్లో టైప్ చేయించి పంపింది, మేం ఇక్కడ వర్డ్‌లో సర్ది ప్రింట్ తీశాం. ఒక్క అక్షరం చెదరలేదు.

మిషన్లు

త్వరగా చెప్పేస్తాను. ప్రింటర్, స్కానర్, వేలిముద్ర మిషన్, డీఎస్‌సీ. ఈ డీఎస్‌సీ టీచర్ పోస్టుల పరీక్ష కాదు, పెన్‌డ్రైవ్‌లా ఉండే డిజిటల్ సంతకం టోకెన్. వీటిలో ప్రతిదానికీ డ్రైవర్ కావాలి. మిషన్ కంపెనీ సైటులో డౌన్‌లోడ్స్ పేజీకి పోయి మీ ఓఎస్ పేరు, వెర్షన్ ఉన్నాయో లేవో చూడండి. వైఫై ఉన్న కొత్త ప్రింటర్లు ఫోన్‌కీ, కంప్యూటర్‌కీ పలుకుతాయి. పాత కేబుల్ ప్రింటర్‌కి ఎక్కువగా విండోసే దిక్కు.

నా అనుభవం కూడా చెప్పాలి. డబ్బులు మిగులుతాయని షాపులో రెండో సిస్టమ్‌కి లైనక్స్ మింట్ వేశాను. హాయిగా ఉంది, వేగంగా ఉంది, వైరస్ బాధ లేదు. మర్నాడు హాల్‌టికెట్ల రద్దీ. ప్రింట్లు వస్తున్నాయి, అదే మిషన్‌లో స్కానర్ మాత్రం కదలదు. పదిమంది లైన్లో ఉన్నారు. ఒక అమ్మాయి "అన్నా, ఫోన్ల ఫొటో తీసి స్కాన్ చెయ్యరాదు?" అంది. నిజమే, ఆరోజు అలాగే గడిపాం. తప్పు మింట్‌ది కాదు, ముందు చూసుకోకుండా వేసిన నాది. లైనక్స్‌ను పెన్‌డ్రైవ్ మీంచే నడిపి చూడొచ్చు, ఇన్‌స్టాల్ చేయకుండానే. వైఫై, సౌండు, ప్రింటర్, స్కానర్ అన్నీ అలా పరీక్షించాకే డిస్క్ మీద వేయండి. ఉబుంటుకీ ఇదే పద్ధతి.

షాపుకి మీ సామానుతో వెళ్లండి

కాగితంలో అన్ని వరుసలకూ టిక్ పడ్డాక కొనడానికి పోండి, వట్టి చేతులతో కాదు. పెన్‌డ్రైవ్‌లో మీ అసలు ఫైళ్లు ఓ ఐదు వేసుకోండి: మాక్రో ఉన్న ఎక్సెల్, తెలుగు వర్డ్ ఫైలు, ఒక పీడీఎఫ్, ఐఫోన్ ఫొటో, పెద్ద వీడియో. డెమో మిషన్‌లో తెరిచి చూపించమనండి. షాపువాళ్లు మొహం చిట్లిస్తే చిట్లించనీయండి, డబ్బులు మీవి. బాక్సు మీద ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్, తర్వాత ర్యామ్ పెంచుకోవచ్చో లేదో అడిగి కాగితం వెనక రాసుకోండి. వర్డ్, ఎక్సెల్ లైసెన్సుతో వస్తున్నాయా, నెల ట్రయల్‌తోనా అన్నది బిల్లు వేసేముందే అడగాలి.

పెద్దాయన చివరికి 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ఇంటెల్ విండోస్ లాప్‌టాప్ తీసుకున్నాడు. మ్యాక్‌లోనూ ఆయన కాగితంలో చాలా వరుసలు నడిచేవే. సీ, పైథాన్, వర్డ్, ఫొటోషాప్ అన్నీ అక్కడ ఉన్నాయి. సంఘం పాత ప్రింటర్‌కి మ్యాక్ డ్రైవర్ దొరకలేదు, ధర కూడా అందలేదు. బామ్మర్ది ఇప్పటికీ ఒప్పుకోలేదట.

పాతది వెంటనే చెరపకండి

కొత్త ఫోన్‌కి మారేవాళ్లకే ఈ ముక్క. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారుతుంటే మూవ్ టు ఐఓఎస్ యాప్‌తో కాంటాక్టులు, ఫొటోలు, వాట్సాప్ చాట్‌లు కూడా తెచ్చుకోవచ్చు. కానీ ఇది ఐఫోన్‌ను మొట్టమొదట సెట్ చేసేటప్పుడే చేయాలి. ముందే వాడటం మొదలుపెడితే ఐఫోన్‌ను రీసెట్ కొట్టి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. డబ్బులిచ్చి కొన్న ఆండ్రాయిడ్ యాప్‌లు ఐఫోన్‌లో మళ్లీ కొనాలి. ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి వస్తుంటే చాట్‌లు తెచ్చుకునే దారేంటో మొదటి సెటప్‌కి ముందే చూసుకోండి.

పాత ఫోన్‌ను కనీసం రెండు వారాలు అలాగే ఉంచండి. బ్యాంకు యాప్ కొత్త ఫోన్లో రిజిస్టర్ అయిందా, యూపీఐ పిన్ పనిచేస్తోందా, ఎప్పుడో సేవ్ చేసిన పట్టా పుస్తకం పీడీఎఫ్ తెరుచుకుంటోందా అన్నీ చూసుకోండి. ఫొటోలు గ్యాలరీలో కనిపించడమే కాదు, పాత ఏడాదివి ఒకటి రెండు తెరిచి పెద్దవి చేసి చూడండి, చిన్న నమూనాలే దిగి ఉంటే మసకగా కనిపిస్తాయి. అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాక పాత ఫోన్లో గూగుల్ లేదా యాపిల్ అకౌంట్ లాగ్ఔట్ చేసి, ఆ తర్వాతే రీసెట్ కొట్టండి. అకౌంట్ తీయకుండా రీసెట్ కొడితే ఫోన్ కొనుక్కున్నవాడికి తాళం పడొచ్చు. అప్పుడు వాడు దాన్ని పట్టుకుని మా షాపుకే వస్తాడు, నేను మీకే ఫోన్ చేయాలి.